ముప్పై ఒకటో తలుపు సందులు

మూతకు పదకొండు రోజులు. మధ్యాహ్నం రెండు గంటలకు లోపల 39 డిగ్రీలు.

కొత్త తలుపు పెట్టించుకున్న ఇంటివాళ్లు ఎండల మూత పడేదాకా రోజూ ఈ పుస్తకంలో ఇలా ఒక అంకె రాయాలని సంఘం నియమం. అంకె పక్కన ‘ఇతర వివరాలు’ అని నాలుగు వేళ్ల వెడల్పు గడి ఉంది. అందరూ దాంట్లో ‘ఏమీ లేవు’ అని రాసి ఊరుకుంటారట. నాకు ఉన్నాయి. ముప్పై ఏళ్లు ప్రొద్దుటూరులో ఒక అచ్చాఫీసులో కూర్చుని ఊళ్లోవాళ్ల పుస్తకాలన్నీ దిద్దినవాణ్ణి. మూడు వందల పేజీల నవలను సగానికి సగం నేనే తిరగరాసి పెడితే, ఆ మహానుభావుడు ముందుమాటలో తన పెంపుడు కుక్కకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. నా పేరు ఏ పుస్తకంలోనూ పడలేదు. ఈ పుస్తకం అట్ట మీద పడింది: ఓబులేసు, 31వ తలుపు, తూర్పు గోడ. కనుక గడి దాటే రాస్తాను. సంఘంవాళ్లు చదువుతారన్న భయం లేదు. వాళ్లు ఏదీ చదవరు.

నిన్న తెల్లవారకముందు రమీజా ఇద్దరు మనుషులతో వచ్చి నా పాత టేకు తలుపు ఊడదీసి కొత్తది నిలబెట్టింది. ఈ గుంతలో తలుపుల అజమాయిషీ అంతా ఆమెదే. ముప్పై ఏళ్లుంటాయి. మాట కటువు, పని శుభ్రం. కొత్త తలుపు రెండు ఇనుప రేకుల మధ్య ఊక బూడిద నింపి చేసింది, దానికి వంక పెట్టలేను. కానీ నిలబెట్టింది రాతిలో. ఒకప్పుడు నాపరాళ్లు కోసిన గుంత ఇది. దీని గోడల్లో గదులు తొలిచినవాళ్లు తలుపుల కొలతలు చూసి తొలవలేదు. తలుపు చుట్టూ బిగించిన చౌకట్టుకూ రాతికీ మధ్య ఎడమవైపు కింద నా అరచెయ్యి దూరుతుంది. పైన రెండు వేళ్లు. కుడివైపు ఒకచోట వేలు, ఇంకోచోట పిడికిలి. బయట యాభై ఆరు డిగ్రీలు. ఆ సందుల్లోంచి అది తిన్నగా నా మంచం మీదికి వస్తోంది.

“సందులు ఎవురు పూడుస్తారు పెద్దాయనా?” అని అడిగింది రమీజా పోతూ పోతూ.

“నేనే.”

“సరే, బయట నువ్వు. లోపల మాట్లాడేదానికి ఎవురుండారు?”

ఇక్కడ సందులు పూడ్చడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట నిలబడి జనపనార పెడుతుంటే, ఇంకొకరు లోపల తలుపు మూసుకుని, చౌకట్టు అంచుకు నోరు ఆనించి, చుట్టూ జరుగుతూ మాట్లాడుతూ ఉండాలి. మాట ఎక్కడ బయటికి వినిపిస్తే అక్కడ వేడి లోపలికి పోతుంది. మాట ఆగిపోయేదాకా పూడ్చాలి. పని నాకు రాక కాదు. మాట్లాడే మనిషి లేరు.

మూత పడితే మూడు నెలలు ఏ తలుపూ తెరవరు. గాలికి వెనక భూమిలోంచి వచ్చే గొట్టం, ముందే తెచ్చి పెట్టుకున్న తిండి, నీళ్లు, ముందే లోపలికి వచ్చిన మనుషులు. అంతే. ఎవరు ఎవరితో ఉంటారో మూతకు ముందే తేలిపోవాలి.

నాకు ఎదురుగా, గుంతకు అవతల, పడమటి గోడలో 88వ తలుపు. నా భార్య తులశమ్మ అక్కడ తన అక్క గంగులమ్మతో ఉంటోంది. పదకొండేళ్లయింది. నడిస్తే నాలుగు వందల అడుగులు. పోయిన వారం రమీజా చేత ఒక కబురు పంపింది: “ఆ పాత తలుపు తీసేసి, రెండు గంటలప్పుడు ముప్పై నాలుగుకు లోపల చూపిస్తే, వచ్చి చూస్తా” అని. పదకొండేళ్లలో ఆమె దగ్గరి నుంచి నాకు వచ్చిన మొదటి మాట అది. మరునాడే తలుపు కోసం దరఖాస్తు పెట్టాను.

మూతకు పది రోజులు. 41.

నీళ్ల పేర్లు రాయించుకోవడానికి పిలిచారు. మూతలో తలుపుకు ఇంతమందని ముందే రాసుకుని దాని ప్రకారం కుండలు ఇస్తారు. ఆ బల్ల దగ్గర కూడా రమీజాయే కూర్చుంది.

“31లో ఎంతమంది?”

“ఇద్దరు.”

ఆమె కలం ఆగింది. “రెండో పేరు చెప్పు.”

“తులశమ్మ.”

“తులశమ్మవ్వ 88లో రాపిచ్చుకునింది గదా పెద్దాయనా.”

“మూత ఇంకా పడలేదు గదా. మార్చుకుంటుంది.”

రమీజా కలం పక్కన పెట్టి పెన్సిల్ తీసుకుని రాసింది. అది నేను చూడలేదనుకుంది. పెన్సిల్ గీతను పది గజాల నుంచి పట్టే కళ్లు నావి.

ఉదయం ఎడమ సందు పూడ్చాను. నారను ఉండలు చుట్టి, చెక్క మేకు పెట్టి సుత్తితో కొట్టి కూరాను. ఇక కూరడానికి చోటు లేదన్నదాకా కూరాను. గట్టిగా ఉండాలి. దీని గురించి పన్నెండేళ్ల కిందటే రాశాను.

ఆ సంగతి ఇక్కడ నమోదు కావాలి. అప్పట్లో నార గిడ్డంగి దస్తగిరి చేతిలో ఉండేది. పాతకాలపు వడ్రంగి, నా ఈడువాడే. నారను దూది ఏకినట్టు ఏకి సందులో వదులుగా పెట్టాలని అందరికీ చెప్పేవాడు. నేను సంఘం గోడపత్రికలో మూడు వారాల పాటు ఒక వ్యాసం రాశాను. వేడి గాలితోనే వస్తుంది, కాబట్టి సందులో గాలి మిగల్చడమంటే శత్రువుకు గదిలో చాప పరవడమే అన్నాను. నాలుగు గ్రంథాలు ఉదహరించాను. చివరి భాగంలో ఒక ప్రశ్న వేశాను: వదులుగా పెడితే సగం నార మిగులుతుంది, ఆ మిగిలింది ఎక్కడికి పోతోంది? పేరు రాయలేదు. రాయనక్కరలేకపోయింది. దస్తగిరి చేతిలోంచి గిడ్డంగి తాళాలు తీసుకున్నారు. ఆ ఏటి నుంచి గుంతంతా గట్టిగా కూరడం మొదలుపెట్టింది. నేను రాసిందాని ప్రకారం జనం నడుచుకున్నది జన్మలో అదొక్కసారే.

మూతకు తొమ్మిది రోజులు. 41 మీద ఇంకో అర.

అన్ని వైపులా పూర్తయింది. అంకె పెరిగింది.

లోపల మనిషి లేని కొరత తీర్చడానికి ఒక ఉపాయం చేశాను. రేడియో లోపల పెట్టి, గొంతు పెంచి, తలుపు మూసి బయట చెవి పెట్టి విన్నాను. సంఘం ప్రకటనలు చదివే మనిషి గొంతు అన్ని వైపుల నుంచీ ఒకేలా వచ్చింది. రేడియో చౌకట్టు చుట్టూ నడవదు. ఏ మూల ఖాళీ ఉందో అది చెప్పదు. పైగా మరుగుదొడ్ల శుభ్రత మీద అరగంట ఉపన్యాసం నేను ఎండలో నిలబడి వినవలసి వచ్చింది.

పక్క తలుపువాళ్లను అడగవచ్చు. 30వ తలుపాయన మీద రెండేళ్ల కిందట ఒక ఫిర్యాదు రాశాను, 32వ తలుపాయన మీద మూడు. 29వ తలుపులో ఉన్నామె నన్ను చూస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది, ఎందుకో ఇద్దరికీ గుర్తులేదు.

మూతకు ఏడు రోజులు. 42.

నిన్న రాయలేదు. నిన్న కూడా 42.

రమీజా తనిఖీకి వచ్చింది. తలుపు తెరవడానికి భుజం పెట్టి తొయ్యాల్సి వచ్చింది. వంగి చౌకట్టును పైనుంచి కింది దాకా చూసి, అరచేత్తో నిమిరింది.

“పెద్దాయనా, చౌకట్టు ఎనిమిదో నెల కడుపు మాదిరి ఉబ్బింది. ఏం పెట్టి కూరినావు?”

“నార.”

“నారా, రాళ్లా? చూడు, ఉబ్బి ఉబ్బి పైమూల కొత్త సందు ఇచ్చినాది. సున్నం గూడా పగిలిపాయె.”

“ఆ మూల మళ్లీ కూరుతాను.”

“దస్తగిరి తాత కాడికి పో.”

“నా దగ్గర పుస్తకాలున్నాయి.”

“నార సంగతి ఉండాదా వాట్లో?”

“వేడి సంగతి ఉంది.”

“అయితే ఈ నలభై రెండు యాడనుంచి వచ్చె?” అని అంకె వేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మంచం కింద రాతి మీద పడుకున్నాను. ఇదే వేడి, ఇదే గది, పదకొండేళ్ల కిందటి మూత. నా వ్యాసం వచ్చాక మొదటి మూత. ఆ ఏడు మా తలుపు నేను స్వయంగా సుత్తితో కూరాను, తులశమ్మ లోపలి నుంచి మాట్లాడింది. నలభయ్యో రోజు ఆమె నీళ్ల కుండ దగ్గర కూలిపోయింది. గదిలో 43. నేను తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ, ఈ వేడి సందుల్లోంచి వస్తున్నది కాదని, రాతిలోంచి వస్తున్నదని, కాబట్టి నా వాదనకు దీనివల్ల లోటు లేదని చెబుతూ ఉన్నాను. గుడ్డ పిండుతూ కూడా చెబుతూనే ఉన్నాను. మూత తీసిన ఉదయం ఆమె రెండు చీరలు మూట కట్టుకుని నాలుగు వందల అడుగులు నడిచి వెళ్లింది. ఆ మూటలో నేను ఎప్పుడో తెచ్చిచ్చిన దువ్వెన కూడా ఉంది. అది తీసుకుపోయింది కదా అని చాలా రోజులు ధైర్యం చెప్పుకున్నాను.

నేను చదువుతుంటే వింటూ నిద్రపోయేది తులశమ్మ. ఆపితే లేచేది. “ఏమాయె, ఆపితివే” అనేది. అప్పుడు మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. పదకొండేళ్లుగా లోలోపలే చదువుకుంటున్నాను.

మూతకు ఆరు రోజులు. 42.

తెల్లవారుజామున 5వ తలుపుకు వెళ్లాను. దస్తగిరి గుమ్మంలో కూర్చుని మడతబందులకు నూనె పెడుతున్నాడు. గడ్డానికి గోరింట రంగు. నన్ను చూసి నూనె గిన్నె కొంచెం అవతలికి జరిపాడు, నేను తన్నేస్తానన్నట్టు.

“వచ్చినావా,” అన్నాడు. “నాలుగో వ్యాసం రాసుకోనొచ్చినావేమో.”

“తలుపు పెట్టించుకున్నాను. వేడి ఆగడం లేదు.”

“ఎట్ల పెట్టినావు నార?”

“గట్టిగా.”

“గట్టిగా అంటే?”

“సుత్తితో.”

అతను చాలాసేపు మడతబందునే చూశాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని కొంచెం ఆలస్యంగా తెలిసింది.

“ఓబులేసూ, చలికాలాలు ఉన్న రోజులు నీకు జ్ఞాపకముండాయి గదా. రగ్గు కప్పుకుంటాంటిమి. ఆ రగ్గును రోట్లో ఏసి దంచి కప్పుకుంటివా ఎప్పుడైనా?”

“లేదు.”

“ఏంటికి?”

జవాబు అతనే చెప్పాడు.

“వెచ్చదనం ఉన్నిలో లేదప్పా. ఉన్నిలో ఇరుక్కున్న గాలిలో ఉండాది. నార గూడా అంతే. ఈ గుంతలో అందరికీ గాలంటే బెదురు. పారాడే గాలికి బెదరాల. ఇరుక్కున్న గాలి మనకు కావలి కాస్తాది. దాన్ని సుత్తి పెట్టి సంపితివి. ఇంగ నార మిగిలె, గాలి పాయె. నార ఒట్టిది ఏం చేస్తాది, వేడిని చెయ్యి పట్టుకోని లోపలికి తీసకొస్తాది.”

నాలుగు గ్రంథాలలో ఏ ఒక్కటీ నాకు ఈ మాట చెప్పలేదు. చెప్పే ఉంటుంది, నేను నాకు కావలసిన పేజీలే చూసి ఉంటాను.

“లోపల మాట్లాడటానికి నాకు మనిషి లేరు,” అన్నాను.

“తెల్సు.” నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “రేపు నేనొస్తా. ఒక్కటే మాట. లోపల నేను మాట్లాడతాంటా. బయట నువ్వు నోరు తెరవగూడదు. తెరిస్తివా, నారలో చెయ్యి పెట్టి పెరికేసి పోతా.”

మూతకు ఐదు రోజులు. 36.

తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చాడు. ముందు ఇద్దరం కలిసి పాత నార పీకాము. పిడకల్లా అట్టలు కట్టి వచ్చింది. దాన్ని విడదీసి, దులిపి, వేళ్లతో ఏకడానికే చాలాసేపు పట్టింది. ఏకాక చూస్తే, సందుల్లో నేను కూరింది రెండు తలుపులకు సరిపోయే నార. తర్వాత అతను లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నేను బయట ఎడమవైపు కింద చెవి పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాను.

“వినపడతాందా?” అన్నాడు రాతిలోంచి. “ఇని పెట్టు. తాళాలు తీసుకున్న పొద్దు సంగతి చెప్తా. నలుగురు వచ్చిరి. నేను బువ్వ తింటాంటి. చెయ్యి కడుక్కోనీలేదు.”

అక్కడ ఒక గుప్పెడు నార పెట్టాను. మాట సన్నగిల్లింది. అతను పైకి జరిగాడు.

“మా ఇంటామె నీళ్ల వరసలో నిలబడేది మానె. జనుము దొంగ పెండ్లామొచ్చె అని ఎవురో అనిరంట. నేను పోయి తెస్తాంటి నీళ్లు. ఆరేండ్లు.”

ఇంకో గుప్పెడు. నొక్కబోయి చెయ్యి ఆపుకున్నాను. వదులుగా.

“ఒక్కసారి తీసుకున్యా నార. కాదనను. మా మనమరాలికి ఉయ్యాల తాడుకు. అది నీకెట్ల తెలిసెనో అని ఇన్నేండ్లు అనుకుంటాంటి. నీకు తెల్దు. ఊరికే రాసినావు.”

పై అంచు. అక్కడ సందు సన్నం, వేళ్లు దూరవు, పుల్లతో పెట్టాను. ఎండ గుంత అంచు మీద పచ్చగా కనబడుతోంది. అది కిందికి దిగడానికి ఇంకో ముక్కాలు గంట ఉంది. అతను కుడివైపుకు వచ్చాడు.

“నీ మూడు వ్యాసాలు నా కాడ ఉండాయి. పెట్టెలో పెట్టినా. అప్పుడప్పుడూ తీసి చదువుతా. చానా బాగుంటాయి చదివేదానికి. అదే గదా ఏడుపు.”

నేను ఎవరి మాటా జన్మలో ఇంత శ్రద్ధగా వినలేదు. ఏ పుస్తకానికీ చెవి ఇంత దగ్గరగా పెట్టలేదు. కుడివైపు పిడికిలి సందు మూశాక గొంతు ఆగిపోయింది. మీద గానుగ సున్నం పట్టించి, పద్ధతి ప్రకారం మూడుసార్లు తలుపు తట్టాను. అతను తలుపు తెరుచుకుని బయటికి వచ్చి, నా పనిని కింది నుంచి పైకి చూసి, ఒకచోట బొటనవేలితో సున్నం సర్దాడు.

“దస్తగిరీ,” అన్నాను.

“వద్దులే. నువ్వు రాసేటోనివి. రాయి.”

మూతకు మూడు రోజులు. 33 మీద అర. నిన్న రాయలేదు; సున్నం ఆరేకొద్దీ అంకె దిగుతోంది.

సంఘం గోడపత్రికలో ఇది అంటించాను: ‘పన్నెండేళ్ల కిందట సందుల గురించి నేను రాసింది తప్పు. దస్తగిరి చెప్పింది ఒప్పు. అతను నార దొంగిలించాడనడానికి అప్పుడూ ఇప్పుడూ నా దగ్గర ఆధారం లేదు. నార వదులుగా పెట్టండి. — ఓబులేసు, 31.’

ఉయ్యాల తాడు సంగతి రాయలేదు. ప్రూఫులు దిద్దేవాడికి ఏది వదిలేయాలో కూడా తెలియాలి.

రమీజా చదివింది. “ఇంతేనా పెద్దాయనా? అప్పుడు మూడు వారాలు రాసినావంట గదా” అంది. అంకె నోట్ చేసుకుని, నేను అడగకముందే, “88లో చెప్తాలే” అంది.

రెండో మంచం మీది పుస్తకాలు దించి గోడకు పేర్చాను. పడక దులిపాను. కుండలు వచ్చాయి, ఇద్దరివి. తులశమ్మకు గోడవైపు పడుకోవడం అలవాటు. ఆ మంచాన్ని గోడవైపు జరిపాను. మళ్లీ, ఇప్పుడు అలవాటు మారి ఉండవచ్చు కదా అని నడిమికి జరిపాను. సాయంత్రం దాకా ఆ మంచం నాలుగుసార్లు జరిగింది.

ఏం చదివి వినిపించాలా అని ఆలోచించాను. తొంభై రోజులు. రోజుకు ముప్పై పేజీలు లెక్క వేసుకున్నా చాలా చదవవచ్చు. పెద్ద పుస్తకాలు వేరే పెట్టాను.

మూతకు రెండు రోజులు. 33.

సాయంత్రం ఐదు గంటలప్పుడు తులశమ్మ వచ్చింది. గుంత అంచు నీడలో, ఒక చెయ్యి రాతి మీద ఆన్చుకుంటూ మెల్లగా నడిచి వచ్చింది. దూరం నుంచి ఎవరో ముసలామె అనుకున్నాను. అవును, ముసలామే. డెబ్బైకి దగ్గర.

గడప బయటే ఆగి సున్నం మీద వేలి కణుపుతో తట్టి చూసింది. లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి అరికాళ్లు రాతి మీద ఆనించి కాసేపు నిలబడింది. నేను కుర్చీ చూపించాను. ఆమె రెండో మంచం అంచు మీద కూర్చుంది.

“ఇద్దరికి రాపిచ్చినావంట,” అంది కుండలు చూస్తూ.

“రాయించాను.”

“రమీజా చెప్పె.” కొంగుతో మెడ తుడుచుకుంది. “తలుపు బాగ కుదిరింది. చల్లగుండాది.”

“మంచం గోడవైపు కావాలంటే జరుపుతాను.”

ఆమె మంచం వైపు, నా వైపు చూసింది. చూపు పక్కకు తిప్పుకుని చెప్పింది.

“అక్క లేసేటట్టు లేదయా. పోయిన నెల నుంచి మంచంలోనే. నేను ఆమెను ఇడిసిపెట్టి యాడికి వద్దును.”

“ఆమెను కూడా తీసుకురా. ముగ్గురం ఉందాం. నీళ్లు నేను అడుగుతాను.”

“నీ గొంతు వింటే మా అక్క మందు మింగదు.”

ఇద్దరం ఒక క్షణం నవ్వాము. ఆ నవ్వు అయిపోయాక గదిలో చోటు ఇంకా తక్కువైనట్టు అనిపించింది.

“మరి ఏంటికి వచ్చినావు?” అన్నాను. ఆమె యాస నా నోట్లోకి వచ్చింది.

“మా తలుపు ముప్పై తొమ్మిది చూపిస్తాంది. పోయిన మూతకే అక్కకు చానా కష్టమాయె. ఈసారి బతకదు. ఆమె అల్లుడు వచ్చి గట్టిగా కూరి పోయినాడు, నువ్వు రాసిన రాతలు పట్టుకోనే. దస్తగిరి మామను అడిగితి. ఇంకా తొమ్మిది తలుపులు మిగిలుండాయంట, కాళ్లు ఆడటం లేదంట. గిడ్డంగిలో నార లేదు.” ఆగింది. “నీ అంకె చెప్పిరి. సరే, నిజమో కాదో చూసి అడుగుదాం అని వచ్చినా.”

మూల గోనెసంచిలో నా తలుపు దగ్గర మిగిలిన నార ఉంది. సరిగ్గా ఒక తలుపుకు. తులశమ్మ అది వచ్చీ రాగానే చూసిందని ఇప్పుడు అర్థమైంది.

“రేపు పాతది పీకుతాను,” అన్నాను. “ఎల్లుండి తెల్లారి పెడతాను. సైరనుకు ముందు అయిపోతుంది.”

“కోపమొస్తాదేమో అనుకున్యా.”

“వచ్చింది. అయినా వస్తాను.”

ఆమె లేచింది. పోతూ మంచాన్ని మోకాలితో కొంచెం గోడవైపు నెట్టింది. అలవాటు మీద నెట్టిందో, దారికి అడ్డమని నెట్టిందో నాకు తెలియదు.

మూత.

నాలుగు గంటలకు సంచి భుజాన వేసుకుని నాలుగు వందల అడుగులు నడిచాను. నిన్న పాత నార పీకడానికి కూడా నడిచాను కానీ అప్పుడు ఆమె బయటికి రాలేదు, అక్కకు బాగాలేదు. ఈవేళ తలుపు తెరిచి నిలబడింది. లోపల చీకట్లో మంచం, మంచంలో గంగులమ్మ ఆకారం. తలుపు రెక్క అంచులకు లోపలి నుంచి తులశమ్మే తడిబంకమన్ను గుడ్డ పెట్టుకోవాలి, అది ఎలాగో చూపించాను. తర్వాత ఆమె తలుపు వేసుకుంది.

“ఏం చెప్పాల?” అంది లోపలి నుంచి.

“ఏదైనా. ఆపకుండా.”

“జొన్నపిండి రెండు డబ్బాలు. కందిబేడలు ఒక డబ్బా. చింతపండు ఉండాది. ఎండుమిరపకాయలు చాలవు. అక్కకు కారం పడదులే. మందులు తొంభైకి తొంభై లెక్క పెట్టుకున్యా. కళ్లద్దాల కాడ ఇరిగింది, దారం కట్టినా…”

ఎడమవైపు పూర్తయింది. వదులుగా, ఊపిరి ఆడేలాగ. పైకి వెళ్లాను. ఆమె గొంతు నాతో పాటు పైకి వచ్చింది. డబ్బాల లెక్క అయిపోయినట్టుంది, కాసేపు ఆగి మొదలుపెట్టింది.

“ఆ నలభయ్యో పొద్దు నేను తెలివి తప్పలేదయా. కుండ కాడ పడినమాట నిజమే. కండ్లు మూసుకున్యా గాని తెలివి ఉండె. నువ్వు గుడ్డ ఏస్తా మాట్లాడతాంటివి. వింటాంటి. రాతిలోంచి వస్తాంది, సందులోంచి కాదు అంటాంటివి. ఒక్కసారన్నా ఆ మాట ఆపి నా పేరు పెట్టి పిలుస్తాడేమో, పిలిస్తే కండ్లు తెరుద్దాం అని చూస్తాంటి. చానాసేపు చూస్తి.”

బయటివాడు మాట్లాడితే లోపలి మాట వినపడదు. అందుకే మాట్లాడకూడదంటారు. నేను పై అంచు సందుకు నోరు ఆనించాను.

“తులసీ.”

“ఆ,” అంది. “చెప్పు.”

“ఏం లేదు. పిలిచాను.”

మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి మామూలు గొంతుతో: వానలు పడినాక ఈ గుంతలో నీళ్లు ఎంత ఎత్తు నిలుస్తాయో, పోయినేడు ఎన్ని మెట్లు మునిగాయో. కుడివైపు కిందికి దిగుతూ వచ్చాము. చివరికి మోకాలి ఎత్తులో ఒక వేలు సందు మిగిలింది. అందులోంచి ఆమె గొంతు సన్నగా, పక్కనే కూర్చుని చెబుతున్నంత దగ్గరగా వస్తోంది.

ఆ సందు వదిలేయవచ్చు. పైన సున్నం పల్చగా పూస్తే రమీజాకు కూడా కనపడదు. మూతలో కూడా రోజూ ఎండ లేవకముందు నా తలుపు దొంగతనంగా తెరుచుకుని వచ్చి చెవి పెట్టవచ్చు. ఒక వేలు సందు అంటే రెండు డిగ్రీలు. మంచంలో ఉన్నామె రెండు డిగ్రీలు తట్టుకోలేదు. నార ఏకి పెట్టాను. గొంతు దూరమైంది. ఇంకొంచెం పెట్టాను. సున్నం పట్టించాను.

చెవి ఆనించాను. రాయి. జరిగి ఇంకోచోట ఆనించాను. చుట్టూ ఆనించి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. నా చేతులతో ఇంత మంచి పని ఇదివరకు చేయలేదు.

పని అయిందని బయటివాడు మూడుసార్లు తలుపు తట్టాలి. అప్పుడు లోపలివాళ్లు మాట ఆపుతారు. తట్టేదాకా ఆపకూడదు, నాకు వినపడినా వినపడకపోయినా. అది పద్ధతి. తులశమ్మ పద్ధతి తప్పే మనిషి కాదు.

మొదటి సైరను వేశారు. రెండోది వేసేసరికి ఎవరి తలుపు వెనక వాళ్లుండాలి. గుంతలో మిగిలినవాళ్లు తమ తలుపుల వైపు పరుగెత్తారు. నేను 88వ తలుపుకు నుదురు ఆన్చి నిలబడ్డాను. రేకు అప్పుడే వేడెక్కుతోంది. దాని అవతల ఆమె వానల గురించో, డబ్బాల గురించో నాతో చెబుతూ ఉంది. ఎండ గుంత అంచు దాటి పడమటి గోడ పైమెట్టు మీదికి దిగింది, తర్వాత రెండో మెట్టు మీదికి.

రెండో సైరను వేసేదాకా తట్టలేదు.